పచ్చబట్ట విప్పే రోజు

మా ఒంటిమీది బట్ట గురించి మాట్లాడేవాళ్లకు ఎప్పుడూ రెండే ప్రశ్నలు. బురఖా వేస్తారా, తీస్తారా? టోపీ పెడతారా, మానేస్తారా? ఏడాది పొడవునా మా ఒంటిమీద ఏముండాలో మా వాళ్లూ తేలుస్తున్నారు, బయటివాళ్లూ తేలుస్తున్నారు. కానీ చిత్తూరు, తిరుపతి సీమ ముస్లిములం మేం తరతరాలుగా పాటించిన బట్ట నియమాలు ఏడాది పొడవునా ఉండేవి కావు. నెలను బట్టి వచ్చేవి, నెలను బట్టి పోయేవి. మొహర్రం పది రోజులకు ఒక తీరు. సఫర్ పదమూడు రోజులకు ఒక తీరు. రంజాన్ నెలపొడుపుకు ఒక తీరు. హజ్‌కు పోయేవాళ్లకు ఒక తీరు. మొగుడు పోయిన మనిషికి నాలుగు నెలల పది రోజులు ఇంకో తీరు. ప్రతి నియమానికీ కట్టుకునే రోజు ఉండేది. విప్పే రోజూ ఉండేది.

ఇప్పుడు ఇవన్నీ పాటించాలా వద్దా అని మా ఇళ్లల్లో తగువు నడుస్తోంది. కాలేజీలో చదివిన కొడుకు వద్దంటాడు, మూఢనమ్మకం అంటాడు. జమాత్‌లో తిరిగొచ్చిన కొడుకూ వద్దంటాడు, బిద్‌అత్ అంటాడు. మరే విషయంలోనూ కలవని ఈ ఇద్దరూ ఇందులో మాత్రం కలుస్తారు. ఆ పచ్చగుడ్డను కుట్టి, ఉతికి, ఏడాదికి ఒకసారి పెట్టెలోంచి తీసి బిడ్డకు తొడిగిన ఆడమనిషిని మాత్రం ఎవరూ అడగరు. తీర్పు చెప్పేముందు ఆ గుడ్డ చరిత్ర తెలుసుకోవాలని మేం అంటున్నాం. సెక్యులర్ మిత్రులకూ ఇదే మాట. మా మతాన్ని పుస్తకంలో చదివినంతమాత్రాన మా ఊరు తెలియదు.

నెలను బట్టి బట్ట

మా కాలం చంద్రుడి కాలం. ఏడాదికి 354 లేదా 355 రోజులు. అందుకని మా నెలలు ప్రతి ఏడూ పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. సుమారు 33 ఏళ్లకు ఒక చుట్టు తిరిగి వస్తాయి. మొహర్రం ఒకప్పుడు ఎండల్లో వస్తుంది, ఒకప్పుడు వానల్లో, ఒకప్పుడు చలిలో. కనుక మా బట్ట నియమాలు ఎండావానల కోసం పుట్టినవి కావు. దుఃఖానికి ఒక కాలం, భయానికి ఒక కాలం, సంబరానికి ఒక కాలం ఉండాలని పుట్టినవి.

హిజ్రీ 61లో, అంటే క్రీ.శ. 680 అక్టోబరులో, ప్రవక్త మనవడు ఇమామ్ హుస్సేన్‌నూ ఆయన వెంట ఉన్నవాళ్లనూ కర్బలా మైదానంలో చంపారు. అది మొహర్రం పదో రోజు. ఆ నెలవంక కనిపించిన రాత్రి నుంచి మా ఇళ్లల్లో కొత్తబట్ట కట్టేవాళ్లు కాదు. పెళ్లిమాట ఎత్తేవాళ్లు కాదు. ఆడవాళ్లు కొత్త గాజులు తొడిగేవాళ్లు కాదు. ఎర్రచీర పెట్టెలోనే ఉండేది. కొన్ని ఇళ్లల్లో కొత్త పెళ్లికూతుర్ని ఆ పది రోజులకు పుట్టింటికి పిలుచుకుపోయేవారు, ఆషాఢంలో పక్కింటి కొత్తకోడలు పుట్టింటికి పోయినట్టే. బిడ్డకు మొక్కుబడి ఉంటే ఫకీరును చేసేవారు. ఆకుపచ్చ జుబ్బా, మెడలో దారం, భుజాన జోలె. ఆ పిల్లవాడు ఇల్లిల్లూ తిరిగి గింజలో పైసలో అడుక్కురావాలి. ఉన్నోళ్ల బిడ్డ అయినా అడుక్కోవాల్సిందే. అలా తెచ్చినదానితోనే మలీదనో పానకమో చేసి ఫాతిహా ఇప్పించి పంచేవారు. పీర్లను నీళ్లకు తీసుకుపోయి వచ్చాక ఆ బట్ట విప్పేవారు. కొందరు పదో రోజే విప్పేవారు, కొందరు మూడోనాటి జియారత్ దాకా ఉంచేవారు. విప్పకుండా మాత్రం ఎవరూ ఉండేవారు కాదు.

మొహర్రం తర్వాత సఫర్. ఆ నెలలో మొదటి పదమూడు రోజుల్ని మా ఆడవాళ్లు తేరాతేజీ అనేవారు. ప్రవక్తకు ఒంట్లో బాగాలేని రోజులని వాటిని చెడ్డరోజులుగా చూసేవారు. ఆ రోజుల్లోనూ కొత్తబట్ట లేదు, శుభకార్యం లేదు. పదమూడో రోజు శెనగలో, గుడ్లో, నూనెో దిష్టి తీసి దానం చేసేవారు. అదే నెల చివరి బుధవారం ఆఖరీ చహార్‌షంబా. ప్రవక్తకు కాస్త నయమై స్నానం చేసిన రోజని చెప్పుకునేవారు. ఆ రోజు తలంటుకుని, మంచిబట్ట కట్టి, అత్తరు రాసుకుని, తోటకో చెరువుగట్టుకో పోయి పచ్చిగడ్డి మీద నడిచి వచ్చేవారు. భయానికి పదమూడు రోజులు ఇస్తే, భయం తీరడానికి ఒక రోజు ఇచ్చారు.

ఇదంతా ముసలివాళ్ల కబుర్లని తీసిపారెయ్యడానికి వీల్లేదు. 1832లో లండన్‌లో అచ్చయిన 'ఖానూనె ఇస్లాం' అనే పుస్తకంలో ఇందులో చాలా భాగం ఉంది. సంగతులు రాసిచ్చినవాడు జాఫర్ షరీఫ్, ఏలూరు వైపు పుట్టిన ముస్లిం. దాన్ని ఇంగ్లీషు చేసినవాడు మద్రాసు సర్కారు కొలువులో పనిచేసిన డాక్టరు హెర్‌క్లాట్స్. మొహర్రంలో ఎన్ని రకాల ఫకీర్లు తయారవుతారో, ఎవరు ఏ వేషం వేస్తారో, సఫర్‌లో ఏం చేస్తారో ఆ పుస్తకం ఓపికగా చెబుతుంది. 1921లో విలియం క్రూక్ దాన్ని సరిదిద్ది మళ్లీ వేశాడు. తెలుగు నేలమీద పుట్టిన ఒక ముస్లిం తన వాళ్ల గురించి రాసిన పుస్తకం అది. అయినా తెలుగు చరిత్ర పుస్తకాల్లో అతని పేరు కనపడదు. ఇంగ్లీషువాడి పేరు పక్కన ఉంటేనే మా వాడి పేరు బతికింది.

గోల్కొండ నలుపు, చిత్తూరు పచ్చ

మా సీమకు పీర్లు ఎట్లా వచ్చాయి? ఒక దారి గోల్కొండది. కుతుబ్ షాహీలు షియాలు. హైదరాబాద్‌లో బాద్‌షాహీ ఆశుర్‌ఖానా 16వ శతాబ్దపు చివరి పదేళ్లలో కట్టించారు. అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో మొహర్రం పది రోజులూ కొలువులో నల్లబట్టలు కట్టేవారు, నగారాలు మోగేవి కావు. ఆ గోల్కొండ సైన్యమే 1646లో చంద్రగిరిని పట్టుకుంది. అంటే తిరుపతి కొండ కింది నేల అప్పుడు గోల్కొండ చేతికి వచ్చింది. తర్వాత ఆర్కాటు నవాబులు వచ్చారు. 1740 మే నెలలో మరాఠాలతో జరిగిన పోరులో నవాబు దోస్త్ అలీ ఖాన్ చనిపోయింది పాకాల దగ్గరి దామలచెరువు కనమలోనే. పడమటి వైపు గుర్రంకొండ మీద మైసూరు జెండా ఎగిరింది. 1782 డిసెంబరు 7న హైదర్ అలీ కన్నుమూసింది చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో. టిప్పు మలబారు నుంచి వచ్చేదాకా ఆ చావును దాచిపెట్టారు. లెక్క వేసి చూస్తే అది హిజ్రీ 1197 మొహర్రం నెల మొదలైన సమయం. దేశమంతా శోకబట్ట కట్టే రోజుల్లో, ఆ దండులో మాత్రం ఏమీ జరగనట్టు నటించాల్సి వచ్చింది.

సైన్యాలు వచ్చాయి, పోయాయి. నవాబులూ పోయారు. 1800లో నిజాం దత్తత ఇచ్చిన సీమా, 1801లో ఆర్కాటు నవాబు చేజార్చుకున్న నేలా కుంఫిణీవాళ్ల పాలయ్యాయి. 1911లో ఈ రెండు వైపుల తాలూకాలు కలిపి చిత్తూరు జిల్లా చేశారు. అంతకుముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. ఇన్ని చేతులు మారినా పీర్లు మాత్రం ఊళ్లల్లో ఉండిపోయాయి. ఉండి, రంగు మార్చుకున్నాయి. కోటలో కట్టిన నలుపు ఊళ్లో ఆకుపచ్చ అయింది. నలుపు చావును చెబుతుంది. ఆకుపచ్చ మొక్కును చెబుతుంది. నవాబుకు శోకం కావాలి. బిడ్డలు పుట్టి బతకని తల్లికి ఆశ కావాలి. మా పచ్చబట్టను నవాబులు ఇవ్వలేదు. ఊరి ఆడవాళ్లు ఇచ్చారు.

అందుకే ఆ బట్ట ముస్లిముల ఒంటిమీదే ఉండిపోలేదు. రెడ్ల ఇళ్లల్లో, బలిజల ఇళ్లల్లో, యాదవుల ఇళ్లల్లో, మాలమాదిగల వాడల్లో పీర్లకు మొక్కుకున్నవాళ్లు ఉన్నారు. మొక్కు తీరి పుట్టిన బిడ్డకు ఫకీరప్ప అనీ, మస్తానమ్మ అనీ, హుస్సేనప్ప అనీ పేరు పెట్టుకున్నారు. రాయలసీమలో ఆ పేర్లు ఇంకా వినపడతాయి. అనంతపురం వైపు గూగూడు కుళ్లాయస్వామి దగ్గరకు పోయే జనంలో హిందువులే ఎక్కువ. చాలా ఊళ్లల్లో పీర్లను ఎత్తేదీ, చావిడి చూసుకునేదీ దూదేకుల కుటుంబాలు. ఇంట్లో తెలుగు మాట్లాడే ముస్లిములు వీళ్లు. ఊరికి దూది ఏకి పరుపులు కుట్టిన చేతులే పీర్లకు పట్టుగుడ్డలు చుట్టాయి.

పక్కింటి వేషాలు

ఇదంతా ముస్లిముల వింత ఆచారం అనుకునేవాళ్లు తిరుపతిలో మే నెలలో ఒక వారం ఉండి చూడాలి. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు చాటింపు వేశాక ఊరు వేషాల్లోకి పోతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపుకుండలు. ఒకరోజు ఒంటికి తెల్లనామం, ఒకరోజు కుంకుమ, ఒకరోజు బొగ్గు. బండ వేషం నాడు బూతులు తిట్టినా తప్పు లేదు. మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, గాజులు తొడుక్కుని అమ్మవారి దగ్గరకు పోతారు. ఆడపిల్లల్ని చెరుస్తున్న పాలెగాణ్ని పట్టుకోవడానికి గంగమ్మ రోజుకో వేషం వేసి వెతికిందని, దొర వేషంలో వచ్చిన రోజు వాడు బయటపడ్డాడని కథ. ఆ వారం చీర కట్టిన మగవాణ్ని ఎవరూ ఎగతాళి చెయ్యరు. మర్నాడు అతను మామూలుగా లుంగీ కట్టుకుని దుకాణం తెరుస్తాడు. ఈ జాతర మీద 2013లో పుస్తకం రాసిన అమెరికా పరిశోధకురాలు జాయిస్ ఫ్లూకిగర్, అంతకుముందు 2006లో హైదరాబాద్‌లో వైద్యం చేసే ఒక ముస్లిం అమ్మ గురించి పుస్తకం రాశారు. పరాయి దేశం మనిషికి ఈ రెండూ పక్కపక్కన కనపడ్డాయి. ఇక్కడివాళ్లకు మాత్రం వేరువేరుగా కనపడుతున్నాయి.

చిత్తూరు జిల్లా ధర్మరాజుల గుళ్లల్లో భారతం జరిగేటప్పుడు కంకణం కట్టి, పసుపుబట్ట కట్టి, చివర గుండం తొక్కుతారు. పీర్ల పండగలోనూ గుండమే. కార్తీకం దాటితే అయ్యప్ప మాల. నలభై ఒక్క రోజులు నల్లబట్ట, కాళ్లకు చెప్పులు లేవు, ఎదుటి మనిషి ఎవరైనా స్వామే. ఆ యాత్రలో ఎరుమేలిలో వావర్ మసీదు చుట్టి పోతారు. 2009 నుంచి 2012 దాకా మొహర్రం నవంబరు, డిసెంబరు నెలల్లో పడింది. ఆ నాలుగేళ్లూ ఒకే వీధిలో మాల వేసిన నల్లబట్టా, మొక్కుకున్న పచ్చబట్టా ఎదురుపడ్డాయి.

వీటన్నిట్లో ఒకటే సూత్రం ఉంది. మొక్కు ఉంటుంది. బట్ట మారుతుంది. బట్టతోపాటు మనిషి హోదా మారుతుంది. ఉన్నోడు అడుక్కుంటాడు, మగవాడు ఆడది అవుతాడు, కూలివాడు స్వామి అవుతాడు. గడువు తీరాక విప్పేసి అందరూ మామూలు మనుషులవుతారు. మా హజ్ యాత్ర సూత్రమూ ఇదే. రెండు కుట్టులేని తెల్లగుడ్డలు కట్టాక నవాబెవరో దూదేకులవాడెవరో మగవాళ్లలో తెలియదు. అక్కడా ఎహ్రామ్ విప్పే ఘడియ ఉంది. మక్కాలోనూ విప్పమనే చెప్పారు.

పచ్చ ఎవరిది?

ఇంతమంది కట్టిన పచ్చబట్ట ఎప్పుడు ముస్లిముల గుడ్డ అయింది? ఎప్పుడు పాకిస్తాన్ గుడ్డ అయింది?

1893 బొంబాయి మతకల్లోలాల తర్వాత తిలక్ పుణెలో గణపతి ఉత్సవాన్ని వీధిలోకి తెచ్చాడు. 1894లో అక్కడి హిందువులు చాలామంది మొహర్రంకు దూరమయ్యారు. అంతకుముందు తాబూతుల వెంట నడిచినవాళ్లే మేళాలు కట్టి గణపతి వెంట నడిచారు. ఉమ్మడి వీధిని రెండు వీధులు చేసే పని అప్పటికే మొదలైంది. రాయలసీమ పల్లెలకు ఆ గాలి సోకడానికి చాలా కాలం పట్టింది.

మా ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి కూలీలుగా ఓడలెక్కిన వాళ్లను చూస్తే అది ఎంత ఉమ్మడిదో తెలుస్తుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. ఆ తర్వాత యాభై ఏళ్లు ఓడలు నడిచాయి. చెరకుతోటల్లో పడ్డవాళ్లలో ఎక్కువమంది హిందువులు. అయినా అక్కడ కూలీలంతా కలిసి చేసుకున్న పెద్దపండగ మొహర్రం. తెల్లదొరలు దానికి కూలీ క్రిస్మస్ అని ఎగతాళి పేరు పెట్టారు. ట్రినిడాడ్‌లో ఇదే పండగ హోసే అయింది. 1884లో ఆ ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపి కూలీల్ని చంపారు. అక్కడా ఊరేగింపులో నడిచినవాళ్లలో హిందువులున్నారు. సముద్రం దాటిన కూలీకి మొహర్రం మతపండగ కాదు, తలెత్తుకుని నడిచే రోజు.

ఇక్కడ మాత్రం 1947 తర్వాత పచ్చకు కొత్త అర్థం పుట్టింది. 1992 డిసెంబరు 6 తర్వాత ఆ అర్థం గట్టిపడింది. పీర్ల మీది గుడ్డను, దర్గా మీది చాదర్‌ను, ఇంటిమీది నెలవంక జెండాను చూసి పాకిస్తాన్ జెండా అన్నారు. పాకిస్తాన్ పుట్టడానికి వంద ఏళ్ల ముందే జాఫర్ షరీఫ్ పుస్తకంలో మొహర్రం ఫకీరు పచ్చబట్ట కట్టాడన్న సంగతి వాళ్లకు ఎవరు చెప్పాలి? ఫకీరప్ప అనే పేరున్న మనిషి కొడుకే ఆ గుడ్డను చూసి అనుమానపడే కాలం వచ్చింది. అతను తన తండ్రి పేరుకు అర్థం అడిగి ఉంటే చాలు.

మరో వైపు నుంచి మా వాళ్లు వచ్చారు. వాళ్ల వాదన గట్టిది, దాన్ని తేలిగ్గా తీసుకోం. చనిపోయినవాళ్ల కోసం మూడు రోజులకు మించి శోకం పాటించకూడదని, భర్త చనిపోయిన స్త్రీకి మాత్రమే నాలుగు నెలల పది రోజులని హదీసు ఉంది. సఫర్ నెలలో చెడు లేదని కూడా హదీసు ఉంది. కాబట్టి ఏటేటా శోకబట్టా లేదు, చెడ్డనెలా లేదు అంటారు. చదువు దృష్టిలో ఇది కాదనలేని మాట. కానీ ఈ మాటను వాళ్లు ఎవరికి చెప్పారో చూడండి. ముందుగా దూదేకుల వాడలకు పోయి చెప్పారు. మీ పీర్లు షిర్క్, మీ వేషం హిందూ వేషం, మీది ఇస్లామే కాదు అన్నారు. ఒకవైపు ఊళ్లో తురకోడు అనిపించుకున్నవాణ్నే, ఇంకోవైపు మసీదులో తురకోడివే కాదు పొమ్మన్నారు. మొక్కుగుడ్డ పోయింది. దాని స్థానంలో గౌరవం మాత్రం రాలేదు.

విప్పే రోజు లేని బట్టలు

నెలల్ని బట్టి వచ్చిపోయే నియమాలు ఇట్లా ఒక్కొక్కటీ సన్నగిల్లాయి. అయితే మా ఒంటిమీద నియమాలు తగ్గాయా? తగ్గలేదు. గడువులేని నియమాలు వచ్చాయి.

మొట్టమొదటిది తెల్లచీర. భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు అలంకారం మానుకుని ఆగాలని ఖురాన్ రెండో అధ్యాయం, హదీసులు చెబుతాయి. ఆ గడువు తీరాక ఆమె తన గురించి మర్యాదగా ఏ నిర్ణయం చేసుకున్నా ఎవరికీ అడ్డు లేదనీ అదే అధ్యాయం చెబుతుంది. ప్రవక్త మొదటి భార్య ఖదీజా వితంతువే. ఇంత తేటగా ఉన్నా మా సీమలో ఇద్దత్ పూర్తయిన ఆడమనిషి చేతికి మళ్లీ గాజులు ఎక్కవు. మెడలోంచి తీసిన నల్లపూసల లచ్ఛా మళ్లీ మెడలోకి రాదు. ముప్పై ఏళ్ల మనిషి కూడా తెలుపో, వెలిసిన రంగో కట్టుకుని బతుకు వెళ్లదీస్తుంది. పెళ్లింట్లో ముందుకు రాదు. వితంతువు చచ్చేదాకా రంగు ముట్టకూడదన్న ఆచారం చుట్టూ ఉన్న పైకులాల ఇళ్లల్లోది, అది మా ఇళ్లల్లోకీ వచ్చి కూర్చుంది. పీర్ల చావిడిలో బిద్‌అత్‌ను వెతికి పట్టుకున్న మతపెద్దలు, ఈ తెల్లచీర బిద్‌అత్ అని ఎన్ని జుమాల్లో చెప్పారు? పిల్లవాడి పదిరోజుల పచ్చబట్ట వాళ్లకు కనపడింది. వాడి మేనత్త ఇరవయ్యేళ్ల తెల్లచీర కనపడలేదు.

రెండోది నల్లబురఖా. పొలం పనికి, కూలికి, సంతకు పోయిన మా ముందుతరం ఆడవాళ్లు చీరే కట్టారు, కొంగే తలమీద వేసుకున్నారు. బురఖాను తనంతట తాను కోరుకుని వేసుకునే చెల్లెలితో మాకు తగువు లేదు. ఆమెను అడగకుండా తొడిగేవాళ్లతోనే తగువు. అడగకుండా విప్పించేవాళ్లతోనూ అంతే తగువు. పొరుగునున్న కర్ణాటకలో 2022 ఫిబ్రవరి 5న ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వుతో తలగుడ్డ తీస్తేనే కాలేజీ గేటు దాటనిచ్చారు. మార్చి 15న హైకోర్టు దాన్ని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు తీర్పులు చెప్పారు. ఈలోపు పరీక్షలు అయిపోయాయి. గుడ్డ కోసం చదువు పోగొట్టుకున్న ఆడపిల్లకు ఏ తీర్పు ఆ ఏడాదిని తిరిగి ఇస్తుంది?

మూడోది కంటికి కనపడని బట్ట. అద్దె ఇల్లు అడిగినప్పుడు, బస్సులో పక్కన కూర్చున్నప్పుడు, క్రికెట్ మ్యాచ్ రోజున మా మీద కప్పే అనుమానం. దాన్ని మేం కుట్టించుకోలేదు, మేం తొడుక్కోలేదు. పండగైపోయింది కదా, ఇక తీసెయ్యండి అని చెప్పడానికి దానికి పదకొండో రోజు లేదు.

ఏది ఉంచుకోవాలి

అందుకే పాటించాలా వద్దా అన్న ప్రశ్నకు మేం ఒకే కొలత పెట్టుకుంటున్నాం. ఆ బట్టను కట్టుకున్న మనిషే కోరి కట్టుకుందా? దాన్ని విప్పే రోజు ఉందా? ఈ రెంటికీ అవునని జవాబు వస్తే ఆ నియమం ఉండనివ్వండి. ఏ ఒక్కదానికి కాదన్నా ఆ నియమాన్ని వదిలెయ్యడానికి వెనకాడం.

ఈ కొలతతో చూస్తే తేరాతేజీ భయం పోవాలి. ఒక నెలకు చెడ్డపేరు పెట్టి ఆ నెలలో పుట్టిన బిడ్డను నష్టజాతకుణ్ని చెయ్యడం మాకు ఇష్టం లేదు. కానీ చివరి బుధవారం తలంటుకుని పచ్చిగడ్డి మీద నడవడానికి ఎవరి ఫత్వా అక్కర్లేదు. జబ్బు నుంచి లేవడాన్ని పండగ చేసుకునే సమాజం చెడిపోదు. తెల్లచీర గడువు నాలుగు నెలల పది రోజులే. ఆ మర్నాడు ఆమెకు రంగుచీర పెట్టే బాధ్యత ఇంటి పెద్దలది. మిగతా సంస్కరణలన్నీ దాని తర్వాత.

ఇక పచ్చబట్ట. దాన్ని శోకంగా కట్టాలని మేం అనం. అది కట్టకపోతే పీర్లు పట్టుకుంటారని బిడ్డను భయపెట్టమనీ అనం. నమ్మకం లేనివాళ్లు వదిలేస్తే అది వాళ్ల ఇష్టం. మసీదులో చదువుకుని, ఆలోచించుకుని వదిలేసినవాళ్ల మాటా మాకు గౌరవమే. కానీ పాకిస్తాన్ అంటారేమోనని వదిలేస్తే అది వదలడం కాదు, విడిపించడం. భయపడి పెట్టెలో దాచిన గుడ్డకూ, ఇష్టంతో మడిచి పెట్టిన గుడ్డకూ చాలా తేడా ఉంది. బయటికి రెండూ ఒకేలా కనపడతాయి. మొదటిది ఇంకొకరి గెలుపు. రెండోది మా నిర్ణయం.

కట్టేవాళ్లు మాత్రం దాన్లో ఉన్న పాఠాన్ని వదలకుండా కట్టాలి. ఉన్నోళ్ల బిడ్డ జోలె పట్టుకుని లేనోళ్ల గడప ముందు నిలబడాలి. ముస్లిం బిడ్డ హిందువు వాకిట్లో, హిందువు బిడ్డ ముస్లిం వాకిట్లో చెయ్యి చాపాలి. ఇచ్చేవాళ్లెవరో తీసుకునేవాళ్లెవరో ఆ పది రోజులు తారుమారు కావాలి. ఆ పని మిగతా ఏ బట్టా చెయ్యలేదు, ఏ సద్భావన సభా చెయ్యలేదు. సెక్యులర్ మిత్రులు వేదికల మీద మతసామరస్యం గురించి చెబుతారు. మా ఊళ్లల్లో అది ఆకుపచ్చ గుడ్డ, మలీద ముద్ద, గుప్పెడు బియ్యం. అది మూఢత్వమని మీరు నవ్వినప్పుడు, అది బిద్‌అత్ అని మా వాళ్లు కసిరినప్పుడు, అది పాకిస్తాన్ అని ఇంకొకరు అరిచినప్పుడు, మూడు చేతులూ కలిసి ఒకే గుడ్డను చింపాయి.

1997లో, 1998లో మొహర్రం పదో రోజు మే నెలలో వచ్చింది. చంద్రుడి లెక్క తిరిగి తిరిగి 2029లో, 2030లో మళ్లీ మే నెలకే వస్తోంది. గంగమ్మ జాతర నెల అది. తిరుపతి వీధుల్లో బైరాగి వేషాలూ, మాతంగి వేషాలూ తిరిగే రోజుల దగ్గర్లోనే పీర్లు కూడా లేస్తాయి. చీర కట్టిన మగవాడి ముందుకు పచ్చబట్ట కట్టిన పిల్లవాడు జోలె పట్టుకుని వస్తే, ఆ మగవాడు ఇద్దరి మొక్కూ ఒకటేనని గుర్తుపట్టి గుప్పెడు గింజలు వేస్తాడా, లేక ముఖం తిప్పుకుంటాడా అన్నది ఇంకా తేలలేదు. ఆ పిల్లవాడు అసలు వీధిలోకి వస్తాడా అన్నదీ తేలలేదు. అతన్ని వీధిలోకి పంపడం మా పని. గడప ముందు నిలబడనివ్వడం మీ పని. పదకొండో రోజు అతను ఆ బట్ట విప్పి బడికి పోతాడు. అప్పుడు అతన్ని ఏ బట్టా లేని మామూలు పిల్లవాడిగా చూడటం మనందరి పని.